'వాడు నన్ను చూసి నవ్వాడు, అందుకే కొట్టాను' అంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. క్లాసులో ఒకబ్బాయిని కొడితే పెదవి చిట్లి కుట్లు పడ్డాయి. ఈ ఏడాది ఇది రెండోసారి. ఎందుకంటే 'వాడు నన్ను చూసి నవ్వాడు' అంటాడు. వాళ్ల నాన్న బెల్టుతో కొట్టారు. అప్పటి నుంచి మాతో మాటల్లేవు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బెల్టు మళ్లీ బయటికి రాకూడదు. దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు తగ్గదు, పెరుగుతుంది. అలాగని జరిగింది చిన్న విషయం కాదు. కుట్లు పడిన ఆ పిల్లాడికీ ఒక అమ్మ ఉంది.

'నవ్వాడు' అన్న మాటను కొట్టిపారేయకండి. అసలు సంగతి అక్కడే ఉంది. ఊరికే చెయ్యి చేసుకునే పిల్లల్లో చాలామందికి ఎదుటివాళ్ల చూపైనా నవ్వైనా అవమానంగానే కనిపిస్తుంది. ఆవేశాన్ని ఆపే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుంది. పైగా నలుగురూ చూస్తుంటే వెనక్కి తగ్గడం ఆ వయసులో మరీ కష్టం.

షికాగోలో టీనేజీ అబ్బాయిల కోసం 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమం ఉంది. అందులో ఒకడి చేతికి బంతి ఇచ్చి, 30 సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. దాదాపు అందరూ పెనుగులాటకే దిగుతారు. ఇమ్మని ఎందుకు అడగలేదంటే, అడిగితే ఇస్తాడా అంటారు. అవతలివాడేమో, అడిగితే ఇచ్చేవాణ్ణే అంటాడు. ఈ శిక్షణ సాగిన కాలంలో ఆ పిల్లలు హింసాత్మక నేరాల్లో అరెస్టు కావడం దాదాపు సగానికి తగ్గిందని అధ్యయనంలో తేలింది.

మీ అబ్బాయితోనూ అలాగే మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయొద్దు. పక్కపక్కన ఏదైనా పని చేసుకుంటూ అడగండి: 'నిన్ను చూసే నవ్వాడని ఎలా తెలిసింది? ఇంకేదైనా కారణం ఉండొచ్చా?' వాడు చెప్పేదాకా ఆగండి, మధ్యలో నీతులు వద్దు. నెలల తరబడి ఏడిపిస్తుంటే తట్టుకోలేక కొట్టిన పిల్లలూ ఉంటారు. క్లాస్ టీచర్‌ని విడిగా కలిసి ఆ సంగతి కనుక్కోండి. క్షమాపణ మాత్రం వాడే వెళ్లి చెప్పాలి, నాన్న పక్కన నిలబడాలి.

బ్యాగులో కత్తిలాంటిది కనిపించినా, చంపుతానని గానీ చస్తానని గానీ అన్నా ఒక్కరోజు కూడా ఆగకుండా పిల్లల మానసిక వైద్యుల్ని కలవండి.

ఇంకొక్కటి, మీరు రాయలేదు కానీ అడగక తప్పదు. ఇంట్లో మీ మీద కూడా చెయ్యి లేస్తోందా? అయితే వాడు అదీ చూస్తున్నాడు. ఆ విషయం మీకు నమ్మకమున్న వాళ్లతో ఇవాళే చెప్పండి.