పెట్టె తెరవని ఇద్దరు

ప్రశ్న: సికింద్రాబాద్‌లో నలుగురు మిత్రులం స్కేల్ మోడల్స్ (అసలువాటిని కొలత ప్రకారం కుదించిన ప్లాస్టిక్ బొమ్మలు) చేస్తుంటాం. 1971 యుద్ధ విమానాలు తలా ఒకటి సంక్రాంతికల్లా ముగించాలని ఉగాదికి గ్రూప్ బిల్డ్ మొదలుపెట్టాం. ఒకాయన అప్పుడే పూర్తి చేశారు. నాది సగంలో ఉంది. మిగతా ఇద్దరు పెట్టెలే తెరవలేదు, అడిగితే మొహం చాటేస్తున్నారు. నాది 1/72 (అసలులో 72వ వంతు) మిగ్-21, పూర్తయినది 1/48 నాట్ అనే చిన్న యుద్ధ విమానం. అన్నీ ఒకే పీఠం మీద పెట్టవచ్చా? వానాకాలంలో నేను వేసిన లక్క (lacquer) రంగు ఎందుకు తెల్లబారింది?
– ఒక పాఠకుడు, మారేడుపల్లి

జవాబు: ఆ ఇద్దరిదీ బద్ధకమని నేననుకోను. పూర్తయిన నాట్‌ను చూసి జంకి ఉంటారు. పైగా ఉగాదినాడు సంక్రాంతి గడువు పెడితే ఎవరికి తొందర పుడుతుంది? గడువు దశలవారీగా పెట్టండి. మొదటి దశ, కాక్‌పిట్‌కు రంగు వేసి విమానం పొట్ట రెండు సగాలు అతికించడం. అంతే. ఆ రోజు అందరూ ఒకరింట్లో కూర్చోండి, ఎవరి కిట్ ఏ స్థితిలో ఉన్నా తేవాల్సిందే. పని ముగించుకున్న పెద్దమనిషికి కట్టర్ ఇచ్చి, వెనకబడినవారి ముక్కలు కోసిపెట్టమనండి. ఖాళీగా కూర్చుని సలహాలిచ్చేవారితోనే గ్రూప్ బిల్డ్‌లు చెడతాయి. పొట్ట మూసేముందు ముక్కులో బరువు పెట్టాలేమో కిట్ కాగితంలో చూడమనండి. అది మరిస్తే విమానం తోక మీద కూలబడుతుంది.

ఒకే పీఠం వద్దు. నాట్ అసలు పొడవు తొమ్మిది మీటర్ల లోపే. అయినా 1/48లో 18 సెంటీమీటర్లు దాటుతుంది. మీ మిగ్ 1/72లో 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పక్కపక్కన పెడితే ఆ చిట్టి విమానం మిగ్‌కు కవల సోదరుడిలా కనిపిస్తుంది. అదే నాట్ 1/72లో అయితే 12 సెంటీమీటర్లే. శ్రీనగర్ మీద మన వాయుసేన పైలట్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఎంత చిన్న విమానంతో పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలను ఎదుర్కొన్నారో అప్పుడు తెలుస్తుంది.

పెట్టె తెరవనివారి చేత నేనైతే మిగ్-21లే చేయిస్తాను. 1971లో వెండిలా మెరిసే మిగ్‌లకు స్క్వాడ్రన్లు ఎవరికి తోచినట్టు వారు శత్రువు కంటపడకుండా మభ్యపెట్టే రంగులు పూశాయి. ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన ఉండదు. ఎయిర్ బ్రష్ (రంగు చిమ్మే పరికరం) లేక కుంచెతో వేసినా, అంచులు కాస్త వంకర పోయినా వేలెత్తి చూపేవారుండరు. చేయి తిరగనివారికి ఇంతకంటే మంచి విమానం లేదు.

ఇక తెల్లబారడం. లక్క రంగులోని థిన్నర్ చప్పున ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. దాంతో జూలై గాలిలోని తేమ రంగు పొరలో చిక్కుకుంటుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి, ముసురు లేని మధ్యాహ్నం పూట వేయండి. తెల్లబారిన చోట వట్టి థిన్నర్‌ను పలుచగా చల్లితే చాలాసార్లు తేటపడుతుంది. ముందు రెక్క అడుగున చల్లి చూడండి.