మూడు నెలలు నిండకుండానే మూడు స్కానింగ్‌లా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఇది తొలి కాన్పు. నెలసరి ఎప్పుడూ 35, 36 రోజులకు గానీ వచ్చేది కాదు. ఆఖరి నెలసరి లెక్కన ఇప్పుడు 11 వారాలు. ఏడో వారంలో స్కానింగ్ చేస్తే గుండె చప్పుడు ఇంకా కనిపించలేదని, రెండు వారాలాగి రమ్మన్నారు. తొమ్మిదో వారంలో వెళ్తే గుండె బాగానే కొట్టుకుంటోంది అన్నారు గానీ, రిపోర్టులో 7 వారాల 6 రోజులని రాశారు. డెలివరీ డేట్ కూడా 8 రోజులు ఆలస్యంగా వేశారు. బిడ్డ ఎదగడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో రెండు వారాలకు ఎన్‌టీ స్కాన్ రాశారు. ఆ రేడియేషన్‌కి, ఆ వేడికి పిండం నిలుస్తుందా అని మా అత్తయ్యగారు వద్దంటున్నారు. రెండోసారి లోపలి నుంచి స్కాన్ చేశారని కూడా ఆవిడకు కోపం. మావారు స్టీల్‌ప్లాంట్‌లో పని చేస్తారు, ఆయన ఎటూ చెప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: బిడ్డ ఎదగకపోవడం కాదమ్మా, మన లెక్కే ఎనిమిది రోజులు ముందు పరిగెత్తింది. ఆఖరి నెలసరి నుంచి వారాలు లెక్కపెట్టే పద్ధతి 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ల కోసం పెట్టుకున్నది. వాళ్లకు దాదాపు 14వ రోజున అండం విడుదలవుతుంది. మీకు 36 రోజుల చక్రం కాబట్టి అది 22వ రోజు ప్రాంతంలో జరిగి ఉంటుంది. ఆ ఎనిమిది రోజులే మీ రిపోర్టులో కనిపిస్తున్నాయి. ఏడో వారం అనుకుని మీరు వెళ్లిన రోజున బిడ్డ వయసు నిజానికి 5 వారాల 6 రోజులు. అప్పటికి గుండె చప్పుడు కనిపించకపోవడం మామూలే. రెండు వారాల తర్వాత వయసు సరిగ్గా రెండు వారాలు పెరిగింది. అంతకంటే ఏం కావాలి?

మొదటి మూడు నెలల్లో బిడ్డను నెత్తి నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉంటుంది. ఈ దశలో ఏ బిడ్డయినా దాదాపు ఒకే వేగంతో పెరుగుతుంది కాబట్టి ఆ కొలతతో వేసిన డెలివరీ డేట్‌నే నమ్మాలి. దాన్ని పెన్నుతో ఫైలు అట్ట మీద రాసి పెట్టుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఇక అత్తయ్యగారి భయం. తప్పు ఆవిడది కాదు, మన మాటది. సీటీ అయినా, ఎంఆర్ఐ అయినా, కడుపు మీద జెల్ రాసి చూసేదైనా అన్నింటినీ కలిపి ‘స్కానింగ్’ అనేస్తాం. సీటీలో వాడేది ఎక్స్‌రే, అందులో రేడియేషన్ ఉంది. మీకు చేసినది అల్ట్రాసౌండ్, అంటే మన చెవికి అందనంత సన్నని శబ్దం. అది లోపలికి వెళ్లి తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ తయారవుతుంది. మీవారిని అడిగి చూడండి. ఉక్కులో, వెల్డింగుల్లో పగుళ్లు పట్టుకోవడానికి పరిశ్రమల్లో రెండు పరీక్షలూ చేస్తారు. ఎక్స్‌రే తీసేటప్పుడు చుట్టూ తాడు కట్టి అందరినీ దూరంగా పంపిస్తారు. అల్ట్రాసోనిక్ టెస్టింగ్ చేసే మనిషి మాత్రం ఆ ప్లేటు పక్కనే కూర్చుని చేసుకుంటాడు. మన స్కానింగ్ పుట్టిందీ అక్కడే. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రంతో ప్రయోగాలు మొదలుపెట్టి, 1958లో గర్భస్థ శిశువు బొమ్మలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అప్పటి నుంచి ఇన్ని దశాబ్దాల్లో, అవసరానికి చేసిన మామూలు స్కాన్ వల్ల బిడ్డకు హాని జరిగిందని తేలలేదు.

వేడి మాట మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. శబ్దం కణజాలంలో ఇంకినప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది. అందుకే స్క్రీన్ మూల, వేడి ఎంత పెరగొచ్చో సూచించే టీఐ అనే అంకె కనిపిస్తూ ఉంటుంది, చేసే డాక్టరు దాన్ని గమనిస్తూనే ఉంటారు. ఒంటి వేడి మీద 1.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి పెరగనంత వరకు వేడి పరంగా ఇబ్బంది లేదన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న హద్దు. 102 జ్వరం వస్తే ఒళ్లు అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. కాబట్టి ఈ మూడు నెలల్లో స్కానింగ్ కంటే జ్వరానికి భయపడండి, వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. రక్త ప్రవాహం చూసే డాప్లర్ ఎక్కువ శక్తి వాడుతుంది, అందుకే తొలి నెలల్లో ఊరికే పెట్టరు. గుండె వేగం కొలవడానికి వేరే పద్ధతి ఉంది. ‘ఒక్కసారి చప్పుడు వినిపించండి’ అని మీరూ పట్టుబట్టకండి. ముచ్చట కోసం గంటసేపు తీసే 4డీ వీడియోలూ అక్కర్లేదు.

లోపలి నుంచి చేసే స్కాన్ వల్ల గర్భం పోదు. ఆ పరికరం యోనిలోనే ఆగుతుంది, గర్భసంచిలోకి వెళ్లదు. తొలి వారాల్లో బొమ్మ స్పష్టంగా కనిపించేది అందులోనే. పైగా కడుపు మీది నుంచి చేసే స్కాన్‌కు వెళ్లినట్టు, గాజువాక నుంచి జగదాంబ సెంటర్ దాకా బస్సులో, నిండిన మూత్రాశయంతో కుదుపులు భరించే బాధా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. స్కానింగ్‌తో హాని లేదు గానీ, చేయాల్సిన రోజున చేయకపోతే నష్టం ఉంది. ఆ మధ్య అనకాపల్లి వైపు నుంచి ఒకావిడ ఓపీకి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఏడు రిపోర్టులు తీసి టేబుల్ మీద పరిచింది. ఏడింటిలో ఏడు డెలివరీ డేట్లు. ‘ఏది నిజం మేడం?’ అంది. మొదటిదే నిజం. నెలలు పెరిగే కొద్దీ బిడ్డలు ఒక్కొక్కరు ఒక్కోలా పెరుగుతారు, ఆఖరి నెలల్లో యంత్రం వేసే తేదీ మూడు వారాల వరకు అటూ ఇటూ కావచ్చు. అది పట్టుకుని డేట్ మార్చకూడదు. ఆవిడ కవర్లో లేనిది ఒక్కటే, బిడ్డ అవయవాలన్నీ వరసగా చూసే అయిదో నెల స్కాన్, టిఫా. అప్పటికి ఎనిమిదో నెల నడుస్తోంది.

మీ ఎన్‌టీ స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, బిడ్డ 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే చేయాలి. మెడ వెనక ఉండే నీటి పొర మందం కొలిచి, డబుల్ మార్కర్ రక్త పరీక్షతో కలిపి డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాల అవకాశం లెక్కగడతారు. అది అవకాశమే, నిర్ధారణ కాదు. ఈ కిటికీ మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు. ఈ రోజు మీ బిడ్డ వయసు 9 వారాల 6 రోజులు, రెండు వారాలకు 11 వారాల 6 రోజులు. మీ డాక్టరు చక్కగా లెక్క కట్టే రాశారు. నెలసరి లెక్కతో ‘పన్నెండు వారాలు నిండాయి’ అని వచ్చే వారమే వెళ్లారనుకోండి, బిడ్డ ఇంకా చిన్నగా ఉందని తిప్పి పంపేస్తారు.

ఆ తర్వాతది 18 నుంచి 20 వారాల మధ్య టిఫా. మెదడు, వెన్నెముక, గుండె గదులు, కిడ్నీలు, పెదవి, మాయ ఎక్కడుంది, అన్నీ వరసగా చూస్తారు, అరగంట పైనే పట్టొచ్చు. మాయ కిందికి ఉందని రాస్తే కంగారుపడి మంచం ఎక్కకండి, చాలామందిలో 32 వారాలకల్లా పైకి జరుగుతుంది. దీన్ని వాయిదా వేయొద్దనడానికి చట్టం కూడా కారణం. 2021 సవరణ తర్వాత గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు కొన్ని వర్గాల మహిళలకే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. ఆ పైన, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు తేల్చాలి. ఏదైనా తేడా కనిపిస్తే మరో పరీక్షకు, ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు చేతిలో ఉండాలి కదా.

ఆపై అంతా బాగుంటే 32 వారాల ప్రాంతంలో ఎదుగుదల చూసేది ఒకటి సరిపోతుంది. బీపీ, షుగర్, కవలలు ఉంటే ఎక్కువసార్లు చేస్తారు, అప్పుడు డాప్లర్ కూడా అవసరమే.

స్కాన్‌కు ఆధార్ తీసుకెళ్లండి, బిడ్డ ఆడో మగో తెలుసుకోనని రాసిచ్చే ఫారం ఎఫ్ మీద సంతకం చేయాలి. ఆడో మగో అడగకండి, చెప్పడం నేరం. ఖర్చు భారమైతే ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. రక్తం కనిపించినా, కడుపులో గట్టి నొప్పి వచ్చినా మాత్రం స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లండి.

ఎన్‌టీ స్కాన్‌కు అత్తయ్యగారినే తోడు తీసుకెళ్లండి. గదిలోకి రానిస్తే ఆ జెల్ వేడిగా ఉందో చల్లగా ఉందో ఆవిడే ముట్టుకుని చూస్తారు.