మెంటర్ కూర్చోవలసిన చోటు వెనక బెంచీ

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకులకు సీనియర్లను మెంటర్లుగా నియమిస్తే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది, కాకపోతే ఆ సీనియర్ తన గదిలో కూర్చుని హితబోధ చేయడం మాని, కొత్తవారి తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోవాలి.

నేను ఎం.ఏ. విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతాను. కొన్నేళ్ల క్రితం మంచి పరిశోధన చేసి వచ్చిన ఒక యువ సహాయ ఆచార్యుల పాఠం అర్థం కావడం లేదని విద్యార్థులు నాతో మొరపెట్టుకున్నారు. ఆయన అనుమతితోనే వెళ్లి, విద్యార్థిలాగే నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు స్లట్‌స్కీ సమీకరణం: ధర మారితే కొనుగోలులో వచ్చే మార్పును ప్రత్యామ్నాయ ప్రభావం (చవకైన వస్తువు వైపు మళ్లడం), ఆదాయ ప్రభావం (కొనుగోలు శక్తి మారడం) అని రెండుగా విడదీసేది. ఆయన కుడిచేత్తో రాస్తూ, ఎడమచేత్తో పై పంక్తులు చెరిపేస్తూ, బోర్డుతోనే మాట్లాడుతున్నారు. గంట అయ్యేసరికి, ఆదాయ ప్రభావం ముందు రుణ (మైనస్) గుర్తు ఎందుకు వచ్చిందో తెలిపే పంక్తి నా నోట్సులో లేదు. ధర పెరిగితే నిజ ఆదాయం తగ్గుతుందన్న ఒక్క మాట చెబితే తీరిపోయే చిక్కు అది. పైగా డిగ్రీ తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు 'ప్రత్యామ్నాయ ప్రభావం' తెలుసు గానీ, ఆయన నోట వస్తున్న ఇంగ్లీషు పేరు దానిదేనని తెలియదు.

బయటికి వచ్చాక నేనేమీ విమర్శించకుండా ఆ నోట్సు ఆయన చేతికిచ్చాను. రెండు పేజీలు తిరగేసి, "మేడమ్, ఇది నేను చెప్పిన పాఠమేనా?" అన్నారు. మరుసటి వారం నుంచి బోర్డును మూడు భాగాలు చేసుకుని, చివరి భాగం నిండేదాకా మొదటిది చెరపడం లేదు.

శిక్షణ పేరుతో మనకు కొరత లేదు. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పేర్లు మార్చుకుంటూ నేడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అక్కడి ఉపన్యాసాల వల్ల పదోన్నతి దస్త్రానికి ఒక ధ్రువపత్రం చేరుతుంది, బోర్డు మీది చేయి మాత్రం మారదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రత్యక్ష బోధన సహాయ ఆచార్యులకు వారానికి 16 గంటలు, సహ ఆచార్యులకూ ఆచార్యులకూ 14 గంటలు. సీనియర్లమైన మనకు మిగిలే ఆ 2 గంటలు జూనియర్ల తరగతిలో గడపడానికేనని నా అభిప్రాయం; నిబంధనల్లో అలా లేకపోయినా సరే.

ఇంకొక మాట. పదోన్నతి కమిటీలో కూర్చునే వ్యక్తిని మెంటర్‌గా వేయకూడదు. తన భవిష్యత్తు ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో వారి ముందు తనకు పాఠం రావడం లేదని ఒప్పుకునే సాహసం ఎవరు చేస్తారు? అతిథి అధ్యాపకుల సంగతి మరీ అన్యాయం: పాఠాల భారం మోస్తున్న వారికి మెంటర్ అన్న ఊసే లేదు. మా విభాగంలో అలాంటి ఒకరి తరగతికి ఈ సోమవారం వెళ్తున్నాను, వట్టి నోట్‌బుక్కుతో.