తంగేడు పూలు కొలిచే ముందు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

బిడ్డా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు తంగేడును తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనసు నిండిపోయింది. ఒక మొక్కలో ఏ భాగం మారితే దానితో పాటు ఏది మారుతుంది, ఏది కదలకుండా ఉంటుంది అని చూడటం నాకెంతో ఇష్టమైన పని. అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

ముందు మూర సంగతి చెప్తాను. పూలదండ మూర లెక్కన కొనేటప్పుడు పొడుగాటి మనిషి చేత్తో కొలిపించుకోమనేది మీ నాయనమ్మ. 1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త లెక్కగట్టింది కూడా ఇదే, మనిషి ఎత్తుకూ మూరకూ ఉన్న సంబంధం. సహసంబంధ గుణకం, అంటే రెండు కొలతలు ఎంత గట్టిగా కలిసి మారతాయో చెప్పే అంకె, 0.8 వచ్చింది (పూర్తిగా కలిస్తే 1). అందులో పెద్ద వాటా ఒళ్లు మొత్తం పెద్దదవడానిదే. నీ తంగేడులోనూ ఆకు పొడవు, పత్రకం (ఆకులోని ఒక్కో చిన్న రెబ్బ) వెడల్పు, కాండం లావు కలిసే పెరుగుతాయి, చెట్టు పెద్దది కాబట్టి. అది చూసి ఏదో కనుక్కున్నానని సంబరపడకు. సైజు ప్రభావాన్ని తీసేశాక ఇంకా ఏవి జతగా ఉంటాయో చూడు, ఏవి విడిపోతాయో ఇంకా బాగా చూడు.

విడిపోయే వాటి గురించి 1960లో రైస్సా బెర్గ్ అనే రష్యన్ శాస్త్రవేత్త మంచి మాట చెప్పింది. పురుగు ఒంటికి అమరాల్సిన పూవైతే దాని కొలతలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఆకూ కాండం ఎంత మారినా వాటి వెంట పోవు అని. తంగేడు పూవును అరచేతిలో పెట్టుకుని చూడు. కేసరాలన్నీ ఒకే సైజులో ఉండవు. పుప్పొడి వాటి కొసల్లోని చిన్న రంధ్రాల్లోంచి రాలాలి, అందుకు తుమ్మెద వచ్చి పట్టుకుని ఝుమ్మని అదరగొట్టాలి. లతీఫ్ సాబ్ గుట్ట మీద నీళ్లు లేక గిడసబారిన చెట్టుకు ఆకు చిన్నదవుతుంది కదా, మరి పూవు కూడా చిన్నదవుతుందా? నీ ప్రాజెక్టంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబెట్టు.

గుట్ట చెట్లనూ పానగల్లు చెరువు కట్ట చెట్లనూ ఒకే పట్టికలో కలపకు. రెండు చోట్లా విడివిడిగా ఏ సంబంధం లేకపోయినా, కలిపితే ఉన్నట్టు కనిపించవచ్చు.

ఇక నాకు జరిగింది విను. చదువుకునే రోజుల్లో సగం పూలు పొద్దున తాజాగా కొలిచాను, మిగతా సగం సంచిలో వేసుకొచ్చి సాయంత్రం కొలిచాను. వాడిన పూవులో రేకుల పొడవూ వెడల్పూ రెండూ ముడుచుకుపోయాయి. గ్రాఫ్ గీస్తే చుక్కలన్నీ చక్కగా ఒక గీత వెంట వచ్చాయి. వారం రోజులు ఎవరికి చూపించాలా అని తిరిగాను. చివరికి నోట్‌బుక్కులో టైములు చూసుకుంటే తెలిసింది, నేను కొలిచింది ఎండను. మొత్తం పారేశాను. నువ్వు చెట్టు దగ్గరే కొలువు, టైము రాసుకో. ఆకైతే ప్రతి చెట్టుకూ కొస నుంచి మూడోదే తీసుకో. ఇరవై చెట్లను మర్నాడు పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలువు. నీ చేతి తప్పు ఎంతో తెలియకపోతే చెట్ల మధ్య తేడా ఎంతో చెప్పలేవు.

ఎనిమిది కొలతలు తీసుకుంటే 28 జతలవుతాయి. ఐదు శాతం హద్దు పెట్టుకుంటే, అంటే సంబంధం లేకున్నా నూటికి ఐదుసార్లు ఉన్నట్టు తేలినా పర్లేదనుకుంటే, ఒకటో రెండో జతలు ఊరికే తగులుతాయి. కాబట్టి ఏ జతల కోసం చూస్తున్నావో ముందే కాగితం మీద రాసి మీ మేడమ్‌కు ఇవ్వు.

పెత్రమాస రాకముందే పూల పని ముగించు. ఎంగిలిపూల నాటికి చేతికందిన తంగేడంతా బతుకమ్మల్లోకి పోతుంది. నిండుగా ఉన్న పూలే ముందు కోస్తారు. కొమ్మకు మిగిలినవి కొలిస్తే ఆ చెట్టు లెక్క నీకు రాదు.

నా దగ్గర డిజిటల్ కాలిపర్ ఉంది, వచ్చి తీసుకుపో. బ్యాటరీ కొత్తది వేయించి ఉంచుతాను.

మీ పెద్దనాయన,
నల్లగొండ