కళ్ళాల రోజుల్లో సైనస్ బాధ: పాఠకుల ప్రశ్నలకు ఇ.ఎన్.టి. వైద్యుని జవాబులు

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. నా వయసు 38. ఏటా వరి నూర్పులు మొదలవగానే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద పట్టుకుంటాయి. పది పదిహేను రోజులకు ముక్కు దిబ్బడ వేసి, బుగ్గలూ నుదురూ బరువెక్కి, కిందికి వంగితే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. మెడికల్ షాపులో ఇచ్చే మూడు రోజుల యాంటీబయాటిక్‌తో కాస్త నెమ్మదించి, సంక్రాంతి లోపు మళ్ళీ తిరగబెడుతోంది. ఈ ఏడాది రాకుండా ముందుగానే ఏం చేయాలి? ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచిదని కొందరు, ప్రమాదమని కొందరు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మొదట తుమ్ములూ దురదా, తరువాత దిబ్బడ, చివరికి ముఖంలో బరువు అని మీరు రాసిన వరుసను బట్టి చూస్తే, మీకు ముందు వస్తున్నది ఎలర్జీ, దాన్ని పట్టించుకోకపోవడం వల్ల సైనస్ బాధ దాని వెనకే వస్తోంది. మన ముఖపు ఎముకల్లో బుగ్గల వెనుక, నుదుటి లోపల, కళ్ళ నడుమ, ఇంకా వెనగ్గా పుర్రె అడుగున నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి గోడల్లో నిత్యం ఊరే పల్చని జిగురును కంటికి కనిపించని సన్నని నూగు కదిలిస్తూ, చిన్న రంధ్రాల గుండా ముక్కులోకి తోసేస్తుంది. బుగ్గ వెనుక గదికి ఆ రంధ్రం అడుగున కాక పైభాగాన ఉంటుంది కనుక, అక్కడి జిగురు తనంత తానుగా జారిపోదు, నూగు దాన్ని పైకి మోయవలసిందే. ఊక దుమ్ము, బూజు, పుప్పొడి పడక ముక్కు లోపలి పొర వాచినప్పుడు, మిల్లీమీటర్లలో కొలిచే ఆ రంధ్రం మూసుకుపోయి, నిలిచిపోయిన జిగురులో సూక్ష్మజీవులు పెరగడానికి వీలు కలుగుతుంది. అందువల్ల మీరు చేయవలసినదల్లా ఆ వాపు రాకుండా చూసుకోవడమే.

దీనికి అన్నిటికంటె బాగా పనిచేసేది ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టిరాయిడ్ స్ప్రే. స్టిరాయిడ్ అనగానే భయపడేవారు చాలామంది ఉన్నారు గాని, ముక్కులో కొట్టే ఈ మందు రక్తంలోకి చేరేది బహుస్వల్పం. అయితే ఇది తలనొప్పి మాత్రలా వేసుకున్న పూటే గుణం చూపదు. పూర్తి ఫలితం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి, కోతలకు కనీసం రెండు వారాల ముందే వైద్యునికి చూపించుకుని మొదలుపెట్టి, నూర్పులు ముగిసేదాకా రోజూ వాడాలి. ఇక స్ప్రే కొట్టే తీరు చాలామందికి తెలియదు. తల వెనక్కి వాల్చకుండా కొద్దిగా ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోనూ ఎడమచేత్తో కుడి ముక్కులోనూ, మొనను నడుమనున్న దూలం వైపు కాక అదే వైపు చెవి దిశగా పెట్టి కొట్టుకుని, నెమ్మదిగా గాలి పీల్చాలి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది, దూలం మీద కొడితే రక్తం చారలు కనిపిస్తాయి. తుమ్ములూ దురదా ఎక్కువగా ఉన్న రోజుల్లో సెట్రిజిన్ లేదా ఫెక్సోఫెనాడిన్ మాత్ర తోడు చేసుకోవచ్చు గాని, దిబ్బడ మీద వీటి ప్రభావం తక్కువ. సెట్రిజిన్‌తో కొందరికి మత్తు వస్తుంది కనుక నూర్పు యంత్రం దగ్గర పనిచేసేవారు దాన్ని రాత్రిపూట వేసుకోవడం మేలు.

కళ్ళంలో నిలబడవలసి వస్తే గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, దుమ్ము మీ మీదికి రాని వైపున ఉండండి. తువ్వాలు చుట్టుకుంటే పెద్ద పొట్టు ఆగుతుందేమో గాని సన్నని ధూళి ఆగదు. ముఖానికి అతుక్కుని ఉండే ఎన్-95 మాస్కు కావాలి. సాయంత్రం ఇంటికి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చుకోండి, ఆ జుట్టుతోనే పడుకుంటే కళ్ళంలోని దుమ్మంతా తలగడకు చేరుతుంది. తడిసి ముక్కిన గడ్డిని కదిపే పని మరొకరికి అప్పగించండి, అందులో బూజు ఎక్కువ. చేను గట్ల మీద పెరిగే వయ్యారిభామను పూతకు రాకముందే పీకించాలి, అదీ చేతులకు తొడుగులు వేసుకునే. భోగి మంట దగ్గర కాసేపు నిలబడితే తప్పేమీ లేదు గాని, పాత టైర్లు పడేసిన మంటకు మాత్రం దూరంగా ఉండండి. దుప్పట్లు, తలగడ గలీబులు వారానికోసారి వేడినీటిలో ఉతికించడం వల్ల పరుపుల్లో పెరిగే ధూళి పురుగులు తగ్గుతాయి.

ముక్కు కడుక్కోవడం మంచిదే. ప్రమాదమల్లా నీటితోనే. బోరు నీరు, నూతి నీరు, కుళాయి నీరు నేరుగా వాడకూడదు. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాలు తీస్తుంది. కేరళలో ఇటీవలి ఏళ్ళలో ఇలాంటి కేసులు బయటపడ్డాయి. అదే నీరు తాగితే ఆ జబ్బు రాదు గనుక, తాగే నీరే కదా అని ధీమా పడకూడదు. నీటిని తెర్లనిచ్చి, ఆపైన కనీసం ఒక నిమిషం మరగబెట్టి, గోరువెచ్చగా చల్లార్చి, పావు లీటరుకు సుమారు అర టీస్పూను లోపు అయొడిన్ లేని ఉప్పు కలపండి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కులో పోస్తే నీరు రెండో ముక్కులోంచి వస్తుంది. వాడిన పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. స్ప్రే ఎప్పుడూ దీని తరువాతే.

మూడు రోజుల యాంటీబయాటిక్ సంగతి నేను కాస్త కటువుగానే చెప్పవలసి ఉంది. రొంపతో వచ్చే సైనస్ వాపుల్లో అత్యధికం వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద ఈ మందులు పనిచేయవు. చీమిడి పసుపుగానో ఆకుపచ్చగానో మారినంత మాత్రాన బాక్టీరియా చేరిందని అనుకోనక్కరలేదు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో ముదిరినా, 102 డిగ్రీల జ్వరంతో ముఖం నొప్పి, చీము మూడు నాలుగు రోజులు వదలకపోయినా అప్పుడు వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తారు. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారికి ముఖం మొద్దుబారినా, అంగిట్లో నల్లని మచ్చ కనిపించినా ఇదే మాట.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంటుంది. మా అత్తగారు ఇంట్లోనే అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగుతారు. దానివల్లేనా? రోజూ ఆవిరి పట్టమంటారా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా తీరగ్రామం

జవాబు: చుట్ట పొగ ముక్కులోని నూగును మందగింపజేస్తుంది, పక్కన ఉండి పీల్చేవారికి కూడా. ఆ పొగ ఒక్కటే కారణమని ఉత్తరం చదివి చెప్పలేను. ఈ వయసులో ముక్కు వెనుక ఎడినాయిడ్ గ్రంథులు పెరగడం కూడా మామూలే. నోరు తెరిచి నిద్రపోతున్నా, గురక పెడుతున్నా చూపించండి. ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీము వస్తుంటే చింతపిక్కో పూసో దూర్చుకున్నాడేమో చూడాలి, ఇంట్లో పుల్లలు పెట్టి తీయబోకండి. ఆవిరి మాత్రం వద్దు. దానివల్ల ఒరిగేది స్వల్పం, మరిగే నీళ్ళ గిన్నె ఒలికి ఒళ్ళు కాల్చుకునే పిల్లలు ఎందరో.

అత్తగారికి నా మాటగా ఒకటి చెప్పండి. నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు అంగిటి క్యాన్సర్‌కు దారితీస్తుందని ఉత్తరాంధ్ర తీరంలో ఏనాడో తేలింది. మీ బాబును తీసుకువచ్చిన రోజునే ఆమె నోరు కూడా పరీక్ష చేయించండి.

ప్రశ్న: ముక్కు దిబ్బడకు చుక్కల మందు రెండేళ్ళుగా వేస్తున్నాను. మానితే నిద్ర పట్టదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకూడదు. మించితే మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ ముక్కు మునుపటికంటె ఎక్కువగా వాచి, ఆ దిబ్బడకు మళ్ళీ అదే మందు కావలసి వస్తుంది. వైద్యుని సలహాతో స్టిరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ముందు ఒక ముక్కులో చుక్కలు మానండి. అది తెరుచుకున్నాక రెండోదానిలో కూడా ఆపేయండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. తలగడ ఎత్తు పెంచి పడుకోండి. ఈలోగా రక్తపోటు కూడా చూపించుకోండి, ఈ చుక్కలు కొందరిలో దాన్ని పెంచుతాయి.