కొత్త ఇంజిన్‌ని స్టాండ్ మీద ఎన్ని గంటలు తిప్పాలి?

ప్రశ్న: మోడల్ విమానానికి 30 సీసీ టూ-స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ కొన్నాను. ఎగరేసే ముందు స్టాండ్ మీద గంటల తరబడి తిప్పాలంటున్నారు. నిజమేనా?

జవాబు: అక్కర్లేదండీ. నా మొదటి ఇంజిన్‌ని నేనూ అలాగే పెరట్లో సాయంత్రం దాకా తిప్పాను. ఇంజిన్ కన్నా ముందు పక్కింటాయన వేడెక్కాడు! నేల మీద గాలి సరిగ్గా తగలక సిలిండర్ కాగిపోతుంది. పిస్టన్ రింగు సిలిండర్ గోడకు ఒదగాలంటే లోడు పడాలి, గాలీ తగలాలి. ఆ రెండూ ఎగిరేటప్పుడు బాగా కుదురుతాయి. మాన్యువల్ వేరేలా చెప్పకపోతే లీటరు పెట్రోలుకు 33 మిల్లీలీటర్ల మినరల్ టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. హై నీడిల్‌ని (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసే కార్బురేటర్ స్క్రూ) ఆర్‌పీఎం గరిష్ఠానికి చేరేదాకా తిప్పి, అక్కణ్ణుంచి కాస్త వదులు చేయండి. మొదటి కొన్ని లీటర్లూ థ్రాటిల్ మారుస్తూ ఎగరేయండి. ట్యూనింగప్పుడు మాత్రం ప్రొపెల్లర్ వెనకే నిలబడండి.