కోరింగ మడ అడవుల్లో పడవ మీద తిరుగుతూ పక్షులు చూడ్డానికి బైనాక్యులర్ 8×42 కొనాలా, 10×42 కొనాలా?

నన్నడిగితే 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది: 8×42కి 5.25 మి.మీ., 10×42కి 4.2. తెల్లారగట్ట మడచెట్ల నీడలో లకుముకి పిట్టను వెతికేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. పైగా పడవ ఇంజను అదురుకి పది రెట్లలో బొమ్మ నిలవదు. ఈకల మీద గీతలు చూద్దామనుకుంటే నీలం మరకే మిగులుతుంది.

పోటు తీశాక కాకినాడ తీరాన బురదలో తిరిగే ఉల్లంకి పిట్టల కోసమైతే ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోపే (ఒంటి కంటితో చూసే చిన్న దూరదర్శిని) కావాలి. పడవలో మాత్రం అది దండగ.

ఒక్కటి మాత్రం బేరం ఆడకండి: నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకమే తీసుకోండి. మన తేమకి మామూలు వాటి లోపలి అద్దాలకు బూజు పట్టేస్తుంది. కళ్లజోడు ఉంటే ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపించేలా కంటికీ, కన్ను పెట్టే అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి.